రాకపోకల ఖర్చు

పొద్దున్నే ఒక ఫోను చేసి, టిఫిను వేళ లోపల ఒప్పందం ముగించేయాలన్నది లోకేశ్ పథకం. చిక్కబళ్ళాపురంలో కాపురం, వీడియోలు తీయడం బతుకుతెరువు. చింతామణిలో పాలు పితికే మిషన్ల కంపెనీ ఒకటి, బాగేపల్లి పక్క పల్లెల్లో రైతులకు నేర్పించే వీడియోలు తీసిమ్మని అడిగింది. కాగితంలో అన్నీ బాగానే ఉన్నాయి. ‘ప్రయాణ ఖర్చు ఫీజులోనే కలిసి ఉంటుంది’ అన్న ఒక్క వాక్యమే గొంతులో ముల్లయి కూర్చుంది.

కంపెనీ మేనేజరు అంబరీష్ ఫోనులో కాసేపు గునిసి, చివరికి మెత్తబడ్డాడు.

“సరే లోకేశ్, మీ ఇంటి నుంచి పనుండే చోటికి కిలోమీటరు లెక్కన ఇస్తాము. ఇల్లు యాడ?”

ఇల్లు ఎంత దూరమైతే అంత లాభమని లోకేశ్‌కు అప్పుడే తట్టింది. మేనత్త సుబ్బలక్ష్మమ్మ ఊరు నోటికొచ్చేసింది.

“మంచేనహళ్ళి సార్.”

“బలే. మధ్యాహ్నం నేను గౌరిబిదనూరుకు పోతాండాను. దారే కదా, మీ ఇంట్లోనే కాగితం మీద సహి చేయించుకుంటాను.”

లోకేశ్ గుడ్డలన్నీ పెట్టెలో కుక్కడం మొదలుపెట్టాడు. ఇల్లన్నాక మనిషి గుడ్డలు కనపడాలి కదా. “షూటింగా?” అంది భార్య నేత్ర. “అట్లాంటిదే” అని బయటపడి, దారిలో అత్తకు ఫోను చేశాడు.

“అత్తా, ఎవురడిగినా నేను నీ ఇంట్లోనే ఉండానని చెప్పు. ఎందుకని అడగొద్దు.”

ఎందుకని అడగొద్దంటే సుబ్బలక్ష్మమ్మ తానే ఒక కారణం కల్పించుకునే మనిషి. మేనల్లుడు పెళ్ళాంతో పోట్లాడి వచ్చేస్తున్నాడని తేల్చుకొని, పేరేసంద్రలో ఉన్న నేత్ర తండ్రి గోవిందప్పకు ఫోనులో ఏడుస్తూ చెప్పింది. గోవిందప్ప కూతుర్ని అడిగాడు. “నాకేం చెప్పలేదు నాయనా. గుడ్డల పెట్టె ఎత్తుకొని పోయినాడు” అందామె. ఇంక అనుమానానికి చోటెక్కడ?

లోకేశ్ మేనత్త ఇంట్లో కొక్కేలకు చొక్కాలు తగిలిస్తుండగా గోవిందప్ప, ఊరి పెద్దమనిషి పిళ్ళప్పను వెంటేసుకొని దిగాడు.

“ఏమప్పా, నా బిడ్డ ఏం తప్పు చేసిందని ఈడ చేరినావు?”

లోకేశ్ నోరు తెరిచేలోపు గుమ్మంలో అంబరీష్, చేతిలో ఫైలు. “ఇదేనా లోకేశ్ ఇల్లు?”

“ఇదే నాయనా. ఇంక ఈడనే ఉంటాడంట” అని సుబ్బలక్ష్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

“వకీలును కూడా పిలిపించుకున్నావా!” అని గోవిందప్ప అల్లుడి మీద మండిపడి, అంబరీష్ వైపు తిరిగాడు. “ఏం కాగితాలప్పా అవి?”

“ఒప్పందమప్పా. రెండు పక్కలా మాట్లాడుకునే రాసుండాము. సరిపడకపోతే నెల ముందు చెప్పి విడిపోవచ్చు.”

“విడిపోవచ్చా!”

“రాకపోకల ఖర్చు కూడా మేమే ఇస్తాము.”

“నా బిడ్డకు బస్సు చార్జీ ఇచ్చి సాగనంపుతారా!” గోవిందప్ప ఫైలు లాక్కున్నాడు. పిళ్ళప్ప బయటికి వెళ్ళి, అంబరీష్ కారుకున్న తాళంచెవి తీసి జేబులో వేసుకొచ్చాడు.

లోకేశ్ నిజం చెబితే ఖర్చు పోతుంది, చెప్పకపోతే కాపురం పోయేట్టుంది.

అప్పుడే నేత్ర స్కూటర్ ఆపి లోపలికొచ్చింది. తండ్రి చేతిలోని కాగితం తీసుకొని తీరిగ్గా చదివింది. కొక్కేలకున్న చొక్కాలను చూసింది. మొగుణ్ణి ఇంకొంచెం ఎక్కువసేపు చూసింది.

“నాయనా, ఇది పని ఒప్పందం. కూర్చో. పిళ్ళప్పా, తాళం ఇచ్చేయండి.”

అంబరీష్ చెమట తుడుచుకున్నాడు. “ఇంతకీ ఈయన ఉండేది ఈడనేనా అమ్మా?”

“ఈడనే సార్. గట్టిగా రాసుకోండి.”

ఇల్లాలంటే ఇట్లా ఉండాలని లోకేశ్ గుండె పొంగిపోయింది.

“అట్లయితే మేలైంది” అన్నాడు అంబరీష్. “వస్తా చూసినాను, ఈ పక్క ఇంటింటికీ పాడి ఉండాది. బాగేపల్లి పని ఆ ఊరి మనిషికే ఇస్తాము. మీకు మంచేనహళ్ళి రైతులు. ఇంటి పక్కనే పని, ప్రయాణ ఖర్చన్న మాటే రాదు.” అంటూ కిలోమీటరు లెక్క రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు.

లోకేశ్ భార్య వైపు చూశాడు.

“సహి చేయండి, నన్నేం చూస్తాండారు?” అంది నేత్ర.

ఆ మరునాటి నుంచి లోకేశ్ పొద్దున్నే చిక్కబళ్ళాపురంలో బస్సెక్కి, తన చార్జీ తానే పెట్టుకొని, కాగితం ప్రకారం తాను కాపురముండే ఊరికి పోయి వస్తున్నాడు.