డాక్టరు గారు మెత్తబడిన రోజు

పొద్దున్నే టైలరు వేసుకున్న లెక్క చిన్నదే. తొమ్మిదింటికి క్లినిక్‌లో రక్తపరీక్ష రిపోర్టు చూపించుకుని, డాక్టరు చేత నాలుగు చీవాట్లు తిని, పదింటికల్లా కొట్టు తెరవాలి. చీవాట్లు మాత్రం ఖాయం. రోగి తుమ్మినా కసిరే మనిషాయె, చిర్రుబుర్రు డాక్టరని ఊరికే పేరు రాలేదు.

వెళ్లేసరికి గది తలుపు వేసి ఉంది. లోపలినుంచి డాక్టరు గొంతు, ఎన్నడూ లేనంత మెత్తగా వినిపించింది. "ధైర్యం తెచ్చుకోండి. రిపోర్టు మనం అనుకున్నట్టు రాలేదు. మీవాళ్లెవరైనా తోడొచ్చారా?"

నిజానికి లోపల డాక్టరు తప్ప నరమానవుడు లేడు. రోగులతో మర్యాదగా మాట్లాడటం మీద ఆన్‌లైన్ పాఠం ఒకటి మధ్యాహ్నంలోగా పాసవ్వకపోతే అతని లైసెన్సు రెన్యువల్ కాదు. అందుకే లాప్‌టాప్ ముందు కూర్చుని మర్యాద వల్లె వేస్తున్నాడు. ఆఖరి పరీక్ష కెమెరా ఎదుట, నిజమైన రోగితో. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నర్సుకు గట్టి హుకుం.

"లోపలెవరున్నారమ్మా?" అని టైలరు నర్సునడిగాడు.

"ఎవరూ లేరండీ."

మరి ఆ మాటలు ఎవరికోసం? టైలరుకు అనుమానం పట్టుకుంది. "నా రిపోర్టు ఎలా ఉందేంటి?"

"సారే స్వయంగా చెప్తారట. ఇవాళ ముందు మిమ్మల్నే పంపమన్నారు," అంటూ ఆమె చూపు తిప్పుకుంది. టైలరు వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమే, బీరువా తాళంచెవి కుట్టుమిషను సొరుగులో ఉంది."

"ఇప్పుడదెందుకండీ?"

"ఎందుకైనా మంచిది."

పావుగంటలో భార్య, ఆమె వెనకే బావమరిది రొప్పుకుంటూ వచ్చారు. "బావ ఎంత సరదాగా ఉండేవాడో!" అన్నాడు బావమరిది వస్తూనే.

"ఒరేయ్, ఉన్నానురా ఇంకా!"

ఇంతలో పిలుపొచ్చింది. ముగ్గురూ లోపలికెళ్లగానే డాక్టరు లేచి నిలబడి, నవ్వి, స్వయంగా కుర్చీ జరిపాడు. "కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?"

భార్య ఘొల్లుమంది.

"మీకేం లేదండీ. రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది."

"దాచకండి సార్. ఎన్నాళ్లో చెప్పేయండి."

"నిజంగా ఏం లేదు," అంటూ డాక్టరు అతని చేయి పట్టుకున్నాడు. దాంతో బావమరిది కూడా ఏడుపు అందుకున్నాడు. డాక్టరు మళ్లీ చెప్పాడు, ఇంకా మెత్తగా. ఏడుపు ఇంకా పెరిగింది.

"పోనీ, పెద్దాసుపత్రికి రాసిస్తారా సార్?" అన్నాడు టైలరు.

"బుద్ధుందా నీకు? ఏం లేదంటే బుర్రకెక్కదా? దుక్కలా ఉన్నావు, లేచి పో అవతలికి!"

టైలరు ముఖం వెలిగిపోయింది. "తిట్టారే! విన్నావా, తిట్టారు! నాకేం లేదే!"

పదిన్నరకు టైలరు కొట్టు తెరుచుకుంది. డాక్టరు మాత్రం కెమెరా ఇంకా నడుస్తున్న సంగతి చూసుకుని కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి తెరమీద ఫలితం వచ్చింది. అది మాత్రం మర్యాద తప్పలేదు.

"ధైర్యం తెచ్చుకోండి. ఫలితం మనం అనుకున్నట్టు రాలేదు. మీవాళ్లెవరైనా తోడొచ్చారా?"