రేడియో బాబాయ్ వంద గంటల మౌనం

ఆ బుధవారం ఉదయం ఏడింటికి సెలూన్ షట్టరు ఎత్తుతూనే రేడియో బాబాయ్ ఒట్టు పెట్టుకున్నాడు. వంద గంటలు పూర్తయ్యేదాకా పని వేళల్లో నోరు విప్పకూడదు. ఇరవై రెండేళ్లుగా కత్తెరతో పాటు నోరు కూడా ఆడించే మనిషి ఆయన. వీధి వీధంతా కలిసి ఆ పేరు పెట్టింది ఊరికే కాదు. అలాంటివాడు అలాంటి ఒట్టు పెట్టుకున్నాడంటే దెబ్బ గట్టిగా తగిలిందన్నమాట.

తగిలింది మరి! ఎదురుగా కొత్త సెలూన్ వెలిసి, గోడంత టీవీ పెట్టేసరికి బాబాయ్ గిరాకీ సగం రోడ్డు దాటిపోయింది. అదంతా టీవీ మాయే అని ఆయన సరిపెట్టుకుంటూ ఉండగా, మొన్న బస్టాపులో హెడ్మాస్టరు గారు ఎవరితోనో అంటున్న మాట చెవిన పడింది.

"ఆయన చెయ్యి బంగారమండీ. కానీ ఆ బావమరిది ఆపరేషన్ కథ నలభయ్యోసారి వినే ఓపిక నాకు లేదు."

బాబాయ్‌కి ఆ పూట ముద్ద దిగలేదు. నిజానికి ఆయన దగ్గరున్నవి మూడే కబుర్లు: ఎండలు, ధరలు, బావమరిది ఆపరేషన్. గిరాకీ తగ్గినందుకు కాదు, తన మాటలు భరించలేక వెళ్లిపోయారన్నందుకు ఆయనకు ఏడుపొచ్చింది.

"కొత్త కబుర్లు నేర్చుకోండి," అంది భార్య. ఆవిడ రోజూ బట్టల ఫ్యాక్టరీకి గంటంబావు బస్సులో వెళ్తూ ఫోన్‌లో పుస్తకాలు వింటుంది.

"ఈ వయసులో చదవడం నావల్ల అవుతుందా?"

"చదవమని ఎవరన్నారు? వినండి. పాడ్‌కాస్టులని ఉంటాయి. ఎవరికి తెలిసింది వాళ్లు హాయిగా కూర్చోబెట్టి చెప్తారు. పుస్తకాలైతే మొదట్నుంచి చివరిదాకా పైకి చదివి పెడతారు. మీకు పనంతా చేతులతోనేగా, చెవులు ఖాళీయేగా!"

ఆవిడ ఫోన్ తెరిచి జాబితా చూపించింది. తేనెటీగలు, మునిగిపోయిన ఓడలు, నక్షత్రాలు, పాత నగరాల మురుగు కాలవలు, చదరంగం, గుండీల చరిత్ర, గురక ఎందుకొస్తుంది... కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"ఇవన్నీ ఉచితమేనా? మరి ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"మీరు నన్ను చెప్పనిస్తేగా!"

బాబాయ్ నడుం బిగించాడు. వంద గంటలు వినాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. విప్పితే ఎదురు టీవీ మూగబోవాలి. భార్య తన పాత ఇయర్‌ఫోన్ ఇచ్చింది. జతలో ఒకటి ఎక్కడో పోయింది. మిగిలింది చెవి వెనక కొక్కెంలా తగిలించుకునే రకం, రంగు కూడా చర్మం రంగే. బాబాయ్ దాన్ని కుడిచెవికి తగిలించి, గోడ క్యాలెండర్ మీద గంటల లెక్క మొదలుపెట్టాడు.

మొదటి గిరాకీ సందు చివరి ఫొటోగ్రాఫరు. "బాబాయ్, చెవుల మీద కాస్త ఎక్కువ తియ్యి," అన్నాడు. బాబాయ్ చెవిలో ఆ సమయానికి రాణి ఈగ గుడ్లు పెడుతోంది. ఆయన అద్దంలో చూసి తలూపి, చెవుల జోలికే పోలేదు. ఫొటోగ్రాఫరు మళ్లీ అన్నాడు. మూడోసారి కేకే పెట్టాడు. అప్పుడు కనపడింది, బాబాయ్ చెవికి వినికిడి మిషను.

"అయ్యో బాబాయ్! ఎప్పట్నించి?" అన్నాడు గొంతు చించుకుని. ఆ వెంటనే చెయ్యి ఆడించి ఎంత తియ్యాలో వేళ్లతో చూపించాడు.

బాబాయ్ జాలిపడ్డాడు. రోజూ ఆ టీవీ మోతలో కూర్చుని కుర్రాడికి చెవులు పోయినట్టున్నాయి! అందుకే ఇలా అరుస్తున్నాడు. పాపం, మాటతో ఇబ్బంది పెట్టడం దేనికని ఆయన కూడా సైగలతోనే జవాబిచ్చాడు. దాంతో ఫొటోగ్రాఫరుకు మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది: రేడియో బాబాయ్‌కి చెవుడొచ్చింది. శనివారానికి హెడ్మాస్టరు గారు పశ్చాత్తాపంతో పరిగెత్తుకొచ్చారు. ఆయన వెనకే మరో ఆరుగురు. అందరూ చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవారే. ఫొటోగ్రాఫరు అద్దాల తలుపు మీద 'దయచేసి గట్టిగా మాట్లాడండి' అని కాగితం కూడా అంటించాడు. బాబాయ్ దాన్ని రెండుసార్లు చదువుకుని నిట్టూర్చాడు. ఎదురు టీవీ ఎంతమంది చెవులు పాడు చేసిందో, ఒకరి మాట ఒకరికి వినపడని స్థితికి వచ్చారు! వీళ్ల కోసమైనా వంద గంటలూ పూర్తి చెయ్యాలనుకుని పట్టు ఇంకాస్త బిగించాడు.

రెండో వారానికి జనం అరవడం మానేశారు. ఆయన ముందు మాట్లాడితే గోడ ముందు మాట్లాడినట్టే అని ధైర్యం వచ్చింది. పెళ్లాం ముందు అనలేనివీ, స్నేహితుడి ఇంట్లో అనలేనివీ అక్కడ మొదలయ్యాయి.

"దర్జీ గారమ్మాయి పెళ్లి ఫొటోలు మొత్తం చెరిగిపోయాయండీ," అన్నాడు ఫొటోగ్రాఫరు. "ఆల్బమ్ ప్రింట్‌లో ఉందని మూడు నెలలుగా నెట్టుకొస్తున్నా."

"అది నయం," అన్నారు హెడ్మాస్టరు గారు. "స్కూలు పత్రికలో నెలనెలా నా పేరుతో పడే కవితలు మా ఆవిడ రాసినవి."

పలకరించి పోదామని వచ్చిన ఎదురు సెలూన్ యజమాని కూడా మనసు విప్పాడు. "నాకు మెడ వెనక జుట్టు తీర్చడం ఇప్పటికీ చేతకాదు. అందుకే టీవీ పెట్టా. దాని ధ్యాసలో పడి ఎవడూ వెనక చూపించమని అడగడు."

సరిగ్గా అప్పుడు బాబాయ్ చెవిలో ఓ పెద్ద ఓడ మునిగింది. ఆయన "ప్చ్" అన్నాడు. ఆయన బాధ ఆయనదిలే పాపం అని ముగ్గురూ జాలిపడ్డారు.

నాలుగో ఆదివారం, సెలూన్ కిటకిటలాడుతూ ఉండగా, వందో గంట ముగిసింది. బాబాయ్ ఇయర్‌ఫోన్ తీసి సొరుగులో పెట్టాడు. ఫొటోగ్రాఫరు తల సగంలో ఉంది. మూలన హెడ్మాస్టరు గారు ఎదురు సెలూన్ యజమానితో గుసగుసగా అన్నారు: "రేపు తెరుస్తాడంటారా?"

"తెరుస్తానండీ, పొద్దున్నే రండి," అన్నాడు బాబాయ్.

ఫొటోగ్రాఫరు కుర్చీలోనే గిర్రున వెనక్కి తిరిగాడు.

"బాబాయ్... నీకు వినపడుతుందా?"

"నాకేం? నిక్షేపంలా వినపడుతుంది. నీకెలా ఉంది ఇప్పుడు?"

"అంటే... ఈ నెల రోజులూ..."

"ఒక్క ముక్క పోనివ్వలేదు! వంద గంటలు. మొత్తం ఇక్కడుంది," అని బాబాయ్ కణత మీద కత్తెరతో కొట్టుకున్నాడు. "ఎప్పుడెప్పుడు అందరికీ చెప్తానా అని పళ్లు బిగబట్టుకుని ఉన్నా."

హెడ్మాస్టరు గారి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "అందరికీ అంటే..."

"అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ. నలుగురికీ తెలియాల్సిన సంగతులు కాదూ! సాయంత్రం దర్జీ గారొస్తున్నారు, ఆయనతోనే మొదలు."

"వద్దు బాబాయ్!" ఫొటోగ్రాఫరు సగం తలతో కుర్చీలోంచి లేచాడు.

"ఏం, ఆయనకి ఆసక్తి ఉండదంటావా?"

"ఉంటుంది! అదే నా భయం! నువ్వు ముందు మాకే చెప్పు. ఎంతసేపైనా వింటాం."

బాబాయ్ కళ్లు చెమర్చాయి. ముందు మాకే చెప్పు! ఇరవై రెండేళ్లలో ఈ మాట ఆయనతో ఎవరూ అనలేదు. గొంతు సవరించుకుని తేనెటీగల దగ్గర్నించి ఎత్తుకున్నాడు. ముప్పావుగంట గడిచింది. ఈ ఈగలు ఎప్పుడు తమ కొంపల మీదికి మళ్లుతాయో అని అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఒక్కరూ లేవలేదు. తాను గుమ్మం దాటగానే తన సంగతే ఎత్తుతాడేమోనని ఎవరి బెదురు వాళ్లది.

"ఇంతేనా?" అన్నాడు ఎదురు సెలూన్ యజమాని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

"ఇంతేనా ఏమిటండీ? ఇంకా తొంభై తొమ్మిది గంటలుంది!"

మర్నాడు అందరూ మళ్లీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. ఎదురు టీవీ ఖాళీ కుర్చీలకు పాటలు పాడుతోంది, దాని యజమాని మాత్రం ఇక్కడ బెంచీ మీద కూర్చుని పాత నగరాల మురుగు కాలవల గురించి వింటున్నాడు.

"నిజంగా అంత శ్రద్ధగా వింటున్నారా?" అని అడిగింది భార్య, నమ్మలేక.

"ఒళ్లంతా చెవులు చేసుకుని! దగ్గు వచ్చినా ఆపుకుంటున్నారు. విజ్ఞానం ముందు టీవీ ఎంత!" అన్నాడు బాబాయ్, మరో వంద గంటల జాబితా ఎంచుకుంటూ.

పై నెలకి హెడ్మాస్టరు గారి తల మీద కత్తిరించడానికి వెంట్రుక మిగల్లేదు గానీ, రోజూ మొదటి కుర్చీ మాత్రం ఆయనదే.