గురువారం పట్టుకుని కూర్చున్న మనిషి

టైమవుట్‌ను తిట్టేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. మనిషి కనిపెట్టినవాటిలో చక్రం తర్వాత అంత గొప్పది అదే! 'మీ సమయం ముగిసింది' అని మొహం మీద చెప్పి తలుపేసే ధైర్యం మీలో ఎవరికుంది? నాకైతే డెబ్భై నాలుగేళ్ళుగా లేదు.

నేను చదివింది ఐదో తరగతి, అదీ సగం. ఈవిడకి కంప్యూటర్ల సంగతేం తెలుసని మీకు అనిపించవచ్చు. తెలియదు. కానీ గడియల సంగతి తెలుసు. పదకొండు మందికి ఒక్క స్నానాలగది ఉన్న ఇంట్లో కాపురం చేశాను. మా మామగారు పేపరు పట్టుకుని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటే, సంపాదకీయం ఆఖరి వాక్యందాకా మిగతా పది మందీ బయట కాళ్ళు మార్చుకుంటూ నిలబడేవాళ్ళం. అప్పట్లో టైమవుట్ ఉండి ఉంటే మా చిన్నమరిది రోజూ బళ్ళో బెంచీ ఎక్కేవాడా?

ఇక నా సంగతి. సూది అడుగుదామని పక్కింటికి వెళ్ళి, నా మూడో కాన్పు కథంతా చెప్పి తిరిగొచ్చేసరికి, పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడిన రోజులు ఎన్నని! సూది మాత్రం అక్కడే మర్చిపోయి వచ్చేదాన్ని.

మా మనవరాలు ఇంట్లోంచే పనిచేస్తుంది. ఒక కంటి ఆస్పత్రికి అపాయింట్‌మెంట్ల ప్రోగ్రామ్ రాస్తోంది. ఒకే పేజీ మీద నలుగురు ఒక్కసారే చెయ్యి పెడితే అంతా కలగాపులగమట. అందుకని ముందు తెరిచినవాళ్ళకి గడియ. వాళ్ళు వదిలేదాకా మిగతావాళ్ళు ఆగాలి.

"అచ్చం మా మామగారే!" అన్నాను. తనకి అర్థం కాలేదు.

నా ఎడమకంట్లో శుక్లం. నెలాఖరులోగా తీయించుకోమన్నాడు డాక్టరు. ఇంట్లో ప్రోగ్రామ్ పెట్టుకుని ఒకర్ని బతిమాలడమెందుకు? సోమవారం పొద్దున్నే ట్యాబ్ తీసి వచ్చే గురువారం పది గంటలు నొక్కాను. పేరు రాశాను. వయసు రాశాను. తర్వాతి గడి: 'తోడు వచ్చేవారి పేరు.'

అక్కడ ఆగిపోయాను.

తోడెవరు? తనే కదా! కానీ అడక్కుండా రాసేస్తే ఏం బాగుంటుంది? చూస్తే తన గది తలుపు మూసి ఉంది. మీటింగ్. ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని ఆ గుమ్మం ముందే కుర్చీ వేసుకున్నాను. లోపల ఒకటే కేకలు. నడుమ తను మంచినీళ్ళకని బయటికొచ్చింది.

"ఏమైందే తల్లీ?"

"ఎవరో మహానుభావుడు గురువారం పేజీ తెరిచి రెండు గంటలుగా వదలట్లేదు అమ్మమ్మా! ఆస్పత్రిలో ఒక్క పేరూ ఎక్కట్లేదు. క్యూ మెట్లదాకా వచ్చిందట."

"కొందరికి బొత్తిగా బుద్ధుండదే," అన్నాను. "అది సరే గానీ, నీతో ఒక మాట..."

"ఒక్క నిమిషం," అని తలుపేసుకుంది.

చివరికి పేరు చూసి దొంగని కనిపెట్టారు. మనవరాలు లాప్‌టాప్ ఎత్తుకుని, మీటింగ్ మొత్తాన్ని నా ముందుకు తెచ్చింది. తెరలోంచి మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మామ్మగారూ, కాస్త ఆ పేజీ వదులుతారా?"

ఆరుగురు నా మాట కోసం ఎదురుచూడటం! ఎన్నేళ్ళయింది! అందరి క్షేమసమాచారాలూ అడిగి, ఒకబ్బాయి జలుబుకి చిట్కా చెప్పి, అప్పుడు వదిలాను. ఎందుకు తెరిచావని అడిగే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

మీటింగ్ అయ్యాక మనవరాలు విడమరిచి చెప్పింది. "నాతో మాట్లాడాలని నువ్వు నా కోసం ఆగావు. నువ్వు వదులుతావని నేను ఆగాను. ఇలా ముడిపడితే ఎవరో ఒకర్ని తప్పించాలి అమ్మమ్మా."

"ఎవర్ని తప్పిస్తారే?"

"తక్కువ పనున్నవాళ్ళని."

న్యాయమే కదా!

మర్నాటికి టైమవుట్ పెట్టారు. రెండు నిమిషాలు. నా ఇంటిపేరు పూర్తయ్యేసరికే 'మీ సమయం ముగిసింది!' మళ్ళీ అంతా ఖాళీ. ఆ ఒక్క పూటలో పదకొండుసార్లు పుట్టాను. ఎంత పుణ్యం చేసుకుంటే వస్తాయండీ అన్ని జన్మలు?

నేను మొత్తుకుంటే మనవరాలు మార్చింది. మధ్యమధ్య తెరకి వేలు తగిలిస్తే చాలు, మనిషి ఉన్నట్టే లెక్క. రెండు నిమిషాలు మళ్ళీ మొదట్నుంచి. ఇదేమన్నా కొత్తా? కథ వినేవాళ్ళు ఊఁ కొట్టడమేగా! ఊఁ ఆగితే కథ ఆగాలి.

ఆ ధైర్యంతో, తను టకటకా టైపు చేస్తుండగా వెళ్ళి చెప్పేశాను.

"గురువారం నాకు కంటి ఆపరేషనే."

"ఊఁ."

"తోడు నువ్వే రావాలి."

"ఊఁ."

ఎంత సంతోషమేసిందో! గుమ్మందాకా వచ్చాక ఎందుకో అనుమానం వచ్చింది.

"శుక్రవారం వాషింగ్ మెషీన్‌ని పెళ్ళి చేసుకుంటున్నానే."

"ఊఁ."

తనని ఏమీ అననండి. మా ఆయన ఆఫీసు కబుర్లకి, కూర కలుపుతూ నలభై ఏళ్ళు ఊఁ కొట్టాను. ఊరందరి కాన్పులూ తారీఖులతో గుర్తున్న నాకు, అందులో ఒక్క ముక్క గుర్తులేదు.

బుధవారం మళ్ళీ గురువారం తెరిచాను. ఆ గడి దగ్గరే ఆగి, నిమిషానికోసారి వేలు తగిలిస్తూ కూర్చున్నాను. క్యూలోవాళ్ళకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. గంట గడిచింది. లోపల కేకలు మొదలయ్యాయి. తలుపు తెరుచుకుంది.

"అమ్మమ్మా! మళ్ళీ నువ్వేనా? ఎందుకిలా పట్టుకుని కూర్చుంటావు?"

పేజీ చూపించాను. ఖాళీ గడి చదివి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆపరేషనా? నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. ఊఁ అన్నావు. వాషింగ్ మెషీన్‌తో నా పెళ్ళికి కూడా ఊఁ అన్నావు."

నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కుర్చీ లాక్కుని, నా ఒళ్ళోంచి ట్యాబ్ తీసుకుని, ఆ గడిలో తన పేరు టైపు చేసింది. ఆ తర్వాత నా ఎడమకన్ను కేసి చూస్తూ ఉండిపోయింది. నేను తన మొహం కేసి చూస్తున్నాను. వేలు తగిలించడం ఇద్దరికీ గుర్తులేదు.

'మీ సమయం ముగిసింది.'

మళ్ళీ మొదట్నుంచి!

"వయసెంత అమ్మమ్మా?"

"చెబుతాగానీ, ముందు నేను పుట్టిన ఏడు ఏం జరిగిందో విను."

లోపల మీటింగ్ తనని పిలుస్తూనే ఉంది. తను కదల్లేదు. నా వైపు తిరిగి, "ఊఁ," అంది.

అందుకే చెబుతున్నాను, టైమవుట్‌ని తిట్టకండి. ఆ పూట మా సమయం ఇంకో మూడుసార్లు ముగిసింది. ఆ సందుల్లోనే పాపం క్యూలోవాళ్ళు పేర్లు ఎక్కించుకున్నారు. మాకు పది గంటలు పోయి పన్నెండున్నర దొరికింది.

రెండుసార్లు మాటల్లో పడి మర్చిపోయాం, నిజమే. మూడోసారి మాత్రం గుర్తుండే, వేలు తగిలించకుండా నేనే ఎత్తేశాను.