తెల్ల ఈక పరీక్ష

ఉదయం ఆరున్నరకు, ఒక పెద్ద అడవిలో, ఒక కొంగ తన రెక్కలోంచి తెల్ల ఈక ఒకటి పీకి వాగులో ముంచింది. ఈక ఎర్రగా పైకి వచ్చింది. కొంగ దాన్ని పక్కన పారేసి, ఒంటికాలి మీద నిలబడి నిట్టూర్చింది.

ఆ కొంగ పేరు శ్వేతాంబరం. అడవి పంచాయతీలో నీటి తనిఖీ అధికారి. తనిఖీ అంటే ఇంతే: రోజూ ఒక ఈక ముంచాలి. తెల్లగా వస్తే నీళ్లు మంచివి, రంగుతో వస్తే చెడ్డవి. ఈ పరీక్షను ఎవరు కనిపెట్టారో ఎవరికీ గుర్తులేదు. తెల్ల ఈకలున్నవాడికే ఆ ఉద్యోగం ఇవ్వాలన్న నియమం మాత్రం అందరికీ గుర్తుంది.

వాగుకు పైన నక్క రంగనాయకులు అద్దకం కార్ఖానా ఉంది. గిజిగాళ్లు నేసిన బట్టను అక్కడ తొట్లలో ముంచి రంగు పట్టిస్తారు. నక్క వంశానికి రంగు తొట్టితో తాతలనాటి పరిచయం. తాతలు అందులో పడ్డారు, మనవలు అందులో సంపాదిస్తున్నారు. జింకలకు ఎర్ర శాలువాలు, కోతులకు పసుపు తలపాగాలు. నెమలి మీద అసూయ ఉన్నంతకాలం ఆ వ్యాపారానికి లోటు లేదు. తొట్లు కడిగిన నీళ్లన్నీ వాగులోకి వచ్చేవి.

వాగు దిగువన ముత్యాలు అనే నీటికుక్క తన ముగ్గురు పిల్లలతో కాపురముండేది. రంగుతో వేగడానికి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఎరుపో నీలమో కనిపించగానే పిల్లల్ని మెడ పట్టి ఒడ్డుకు లాగేది. రంగు సాగిపోయాక మళ్లీ దింపేది. ఆమెకు ఆ రంగే హెచ్చరిక గంట.

శ్వేతాంబరానికి ఈ గొడవలు పట్టేవి కావు. అతని చూపంతా కొండచెరువు మీద ఉండేది. అక్కడ నీళ్లలో అడుగు కనిపిస్తుందట, చేపలు వాటంతట అవే ముక్కుకు తగులుతాయట. మురికి నీటి దగ్గర చాలాకాలం కష్టపడ్డవాడికి ఆ చోటు ఇస్తారని నియమం. దానికోసమే అతను ఒంటికాలి మీద తపస్సు చేస్తున్నాడు.

ఇలా ఉండగా ఒకరోజు అధ్యక్షుడు గజప్ప కొడుకు, గున్న ఏనుగు, వాగులో ఆడుకుని నీలం కాళ్లతో ఇంటికి వెళ్లాడు. దాంతో గజప్పకు పర్యావరణం గుర్తొచ్చింది. జాతరలోగా వాగులో రంగు కనిపించకూడదని పంచాయతీ తీర్మానించింది. నీళ్లు బాగుండాలని ఎవరూ అనలేదు. అది అందులోనే ఉందనుకున్నారు.

రంగుకు మందు, గుడ్లగూబ దివాంధాచారి దగ్గర దొరికింది. ఒక సాయంత్రం పొద్దు వాలాక ఆయన చిటికెడు తెల్లపొడి ఆకులో పొట్లం కట్టి తెచ్చాడు. నానో కణాలన్నాడు. చీమ కాలి వెంట్రుక మీద వెయ్యి కూర్చున్నా చీమకు తెలియనంత చిన్నవట. ఎండ తగలగానే ప్రతి కణమూ పనిలోకి దిగి, రంగును పట్టుకుని ముక్కలు చేస్తుందట. సభ తల ఊపింది. ఆచారి రెండు షరతులు పెట్టాడు. రంగు పోయాక కూడా నీళ్లను పొద్దుగూకేదాకా ఎండలోనే ఉంచాలి. ఆ తర్వాత ఇసుకలో వడగట్టి, పొడిని వెనక్కి తీసుకోవాలి.

“రంగు పోవడం సగం పనే,” అన్నాడాయన. “ముక్కలకు రంగుండదు, కనిపించవు. వాటిలో కొన్ని రంగుకంటే చెడ్డవి. ఇంకో సంగతి. ఈ పొడికి రంగేదో ఈకేదో తెలియదు. ఎండలో దేన్ని అంటుకుంటే దాన్ని కొరుకుతుంది.”

అడవిలో ఆ పొడి సంగతి తెలిసింది ఆయనొక్కడికే. ఆయనకు పగలు కళ్లు కనబడవు. పొడి పనిచేసేది పగలే. ఈ చిక్కు సభలో రంగనాయకులుకు ఒక్కడికే తట్టింది. అందుకే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పొడి కలిపారు. మధ్యాహ్నానికి తొట్టిలో ఎరుపు గులాబీ అయింది, గులాబీ తెలుపయింది, చివరికి ఏమీ లేకుండా పోయింది. రంగనాయకులు వెంటనే తూము ఎత్తించాడు. తొట్టి ఖాళీ అయితే ఇంకో వాయి బట్ట ముంచవచ్చు. ఇసుక వడపోత ఊసే ఎత్తలేదు.

శ్వేతాంబరం మెడ సాచి, ఆచార్యులవారు పొద్దుగూకేదాకా ఉంచమన్నారని గుర్తుచేశాడు.

“ఆయన నిద్రలో ఉన్నారు,” అన్నాడు రంగనాయకులు. “లేపినా కనపడదు. మీ ఈకకు కనపడుతుందిగా శ్వేతాంబరంగారూ, అది చాలు. జాతరనాడు మీ పేరు నేనే ఎత్తుతాను. కొండచెరువు ఎక్కడికీ పోదు.”

శ్వేతాంబరం ఈక ముంచాడు. తెల్లగా వచ్చింది. అతని ఉద్యోగం అంతవరకే.

రెండు మూడు రోజులకు ముత్యాలు శ్వేతాంబరం దగ్గరికి వచ్చింది. చిన్నదాని మూతి వాచింది, మిగతా ఇద్దరూ తిన్న చేపను తిన్నట్టే కక్కుతున్నారు.

“ఎర్రనీళ్లొస్తే పిల్లల్ని ఒడ్డుకు లాక్కునేదాన్నయ్యా,” అంది. “ఇప్పుడు దేన్ని చూసి లాక్కోను?”

“ఈక తెల్లగా వచ్చింది ముత్యాలూ.”

“ఈక తాగదు గదయ్యా.”

నీళ్లను పొద్దుగూకేదాకా ఆపమని సభలో ఒక్కమాట చెప్పమంది. ఆ ఒక్కమాటతో తన పిల్లలు బతుకుతారంది. శ్వేతాంబరం చూస్తానన్నాడు.

జాతరనాడు సభ కిటకిటలాడింది. పరీక్ష చేసిన ఈకను ఆకుపళ్లెంలో పెట్టి ఊరేగించారు. రంగనాయకులుకు శాలువా కప్పారు, అతని కార్ఖానాలో అద్దిందే. మధ్యలో ముత్యాలు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, నీళ్లు బాగాలేవని మొరపెట్టుకుంది.

గజప్ప ఓపిగ్గానే విన్నాడు. నీళ్లు ఏ రంగులో ఉన్నాయని అడిగాడు. ఏ రంగూ లేదని ముత్యాలు చెప్పింది.

“మరి ఫిర్యాదు దేనికమ్మా?” అని గజప్ప తనిఖీ అధికారి వైపు తిరిగాడు.

శ్వేతాంబరం చిన్నదాని మూతి చూశాడు. తర్వాత కొండ వైపు చూశాడు.

“ఈక తెల్లగానే వచ్చిందండి,” అన్నాడు. అది అబద్ధం కాదు.

ముత్యాలు చిన్నదాన్ని నోట కరుచుకుని, మిగతా ఇద్దర్నీ ముందు నడిపించుకుంటూ కొండ అవతలికి వెళ్లిపోయింది. ఆమె వెంట జింకలు కొన్ని, కుందేళ్లు కొన్ని కదిలాయి. ఆనాటినుంచి దిగువవాగు మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఈ సంగతిని పంచాయతీ విజయంగా ప్రకటించింది.

చివరికి కొండచెరువు విషయం వచ్చింది. రంగనాయకులు అన్నమాట ప్రకారం శ్వేతాంబరం పేరు ఎత్తాడు. గజప్ప చెవులు విసురుకుని, ఇబ్బందిగా కదిలాడు. కొండచెరువు మురికి నీటి దగ్గర కష్టపడ్డవారికని నియమం స్పష్టంగా ఉందన్నాడు.

“మీ నీళ్లు మంచివని మీరే తేల్చారు. మంచినీళ్లు వదిలి వెళ్లాల్సిన కష్టం మీకేముంది శ్వేతాంబరంగారూ? మీవంటివారు అక్కడే ఉండాలి. వాగు నీళ్లే తాగుతూ, దిగువవాళ్లకు ధైర్యం చెప్పాలి.”

సభ చప్పట్లు కొట్టింది. ఈసారి కూడా మొదటి చప్పట్లు రంగనాయకులువే. కొండచెరువును బురదకుంట దగ్గర పనిచేసిన కాకికి ఇచ్చారు. ఆ కాకికి ఆ వారమే రంగనాయకులు కార్ఖానాలో తెల్లరంగు వేశారని కొందరన్నారు. ఈకలు తెల్లగా ఉన్నాయి కాబట్టి సభ ఆ మాట పట్టించుకోలేదు.

కొన్ని రోజుల తర్వాత శ్వేతాంబరం అర్జీ పెట్టుకుందామని పంచాయతీకి వెళ్లాడు. జాతరలో ఊరేగించిన అతని ఈకను గుమ్మం మీద, ఎండ బాగా పడేచోట, అందరూ చూసేలా వేలాడదీశారు. ఇప్పుడక్కడ ఈనె ఒక్కటే ఊగుతోంది. వాకిలి ఊడుస్తున్న కొండముచ్చును ఈక ఏమైందని అడిగాడు.

“రోజూ కొంచెం రాలుతోంది సార్. ఊడ్చేస్తున్నా. ఏమాటకామాటే, రాలింది కూడా తెల్లగానే ఉంది.”

రోజంతా ఎండలో, ఆ నీళ్లలోనే నిలబడే శ్వేతాంబరం మెడ వంచి తన రొమ్ము చూసుకున్నాడు. అక్కడక్కడా ఈనెలు కనిపించాయి.

నీతి: తాగేవాళ్లు వెళ్లిపోతే ఏ నీళ్లయినా మంచివే.