సోఫా పక్కకు రాని బల్లలు

ఆదివారం పొద్దున ఏడు గంటలకు మహేశ్వరి వేసుకున్న లెక్క చాలా సులువైనది. ఎనిమిదికి వడ్రంగి కదిరప్ప వచ్చి రెండు బల్లలకూ కాళ్ళు కోస్తాడు. తొమ్మిదికి వాటిని తుడిచి సోఫాకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెడుతుంది. పన్నెండు గంటల కదిరి బస్సుకు అన్న భార్య ప్రశాంతి వదిన దిగుతుంది. కాఫీ తాగిన వదిన గ్లాసు పెట్టాలని పక్కకు చెయ్యి చాపితే అక్కడ బల్ల ఉంటుంది.

ఇదంతా ఆ గ్లాసు కోసమే. రెండేళ్ళ కిందట గృహప్రవేశానికి వచ్చిన వదిన, కొత్త సోఫాలో కూర్చుని కాఫీ తాగి, ఖాళీ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూసి, చివరికి నేల మీద పెట్టింది. "ఏం మహేశ్వరీ, ఇల్లు కట్టినారు గానీ గ్లాసు పెట్టేదానికి చోటు కట్టలేదే!" అంది. చుట్టాలందరూ నవ్వారు. మహేశ్వరి భర్త జయరాజు కూడా నవ్వాడు. ఆ నవ్వుకు పాపం ఆయన ఇప్పటికీ మాటలు పడుతూనే ఉన్నాడు.

బల్లల దగ్గర మొదటి తప్పు కదిరప్పది. సోఫా చెయ్యి ఎంత ఎత్తుందో సరిగ్గా అంతకే దారం కొలిచి ఇచ్చింది మహేశ్వరి. ఆ రాళ్ళకుంట ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా చెక్కపని చేస్తున్న కదిరప్ప అంత పొట్టి బల్ల ఎక్కడా చూడలేదు. దారం మధ్యలో తెగి ఉంటుందనుకుని, కదిరి ఆఫీసులకు చేసే ఎత్తుకే చేసి శనివారం సాయంత్రం తెచ్చి దించాడు. సోఫా పక్కన పెడితే అవి కూర్చున్నవాళ్ళ చెవుల దాకా వచ్చాయి.

"నువ్వు చెప్పిన ఎత్తుకు చేస్తే దాని మింద ఏం రాస్తారమ్మా?" అన్నాడు కదిరప్ప.

"రాసేదానికి కాదన్నా, గ్లాసు పెట్టేదానికి."

"గ్లాసుకు బల్ల ఎందుకు? నేల ఉండాది కదా!"

మహేశ్వరి గుర్రుగా చూసింది. కదిరప్ప పొద్దున్నే వచ్చి కోసిస్తానని ఒప్పుకుని వెళ్ళాడు.

ఎనిమిదింటికి అనుకున్నట్టే వచ్చాడు. బల్లలు రెండూ ఇంటి ముందు కానుగచెట్టు నీడకు చేర్పించాడు. అప్పుడు గుర్తొచ్చింది, రంపం పదునుకిచ్చి నల్లమాడలో వదిలేశానని. "ఇట్ల పోయి అట్ల వస్తా. అంతలో ఎంత కోయల్లో గీత గీసి పెట్టప్పా" అని జయరాజుకు చెప్పి సైకిలెక్కాడు. జయరాజు బస్సు కండక్టరు. నీళ్ళ ట్యాంకరు నాలుగు రోజులుగా రాక, ఉతికిన చొక్కా లేక, సెలవు రోజు కూడా ఖాకీ చొక్కానే తొడుక్కున్నాడు. కుర్చీ వేసుకుని, బల్ల మీద కాగితం పరిచి, పెన్నుతో లెక్క వేయసాగాడు.

ఖాళీ బిందెతో అటే పోతున్న బయమ్మ అది చూసి ఆగిపోయింది. ఆ ఏడు వానలు లేక వేరుశనగ మొత్తం ఎండిపోయింది. పంటనష్టం పేర్లు రాసే సారు మూడుసార్లు వస్తానన్నాడు, మూడుసార్లూ రాలేదు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: మీ ఊళ్ళో కూర్చుని రాయడానికి బల్ల లేదు, పంచాయతీవాళ్ళు బల్లలు చేయించిన రోజే వస్తాను. ఇప్పుడు బయమ్మ కళ్ళ ముందు కొత్త బల్లలు రెండు, కుర్చీ, ఖాకీ చొక్కా, కాగితం, పెన్ను!

"బల్లలొచ్చినాయే! పేర్లు రాస్తాండారే!" అని వీధంతా వినేటట్టు అరిచి, ఇంటికి పరుగెత్తి పట్టాదారు పాస్‌బుక్కుతో తిరిగొచ్చింది. "జయరాజప్పా, నా పేరు రాయి."

"పేరు లేదు ఏం లేదు అవ్వా. ఇవి మా సోఫాకు చేయించుకున్న బల్లలు."

"సోఫాలకు గూడా నష్టం ఇస్తాండారా? ఇస్తే ఇయ్యనీలే, ముందు నాది రాయి."

తొమ్మిదిన్నరకు యాభై మంది చేరారు. రాలేనివాళ్ళ తరఫున చెప్పులూ రాళ్ళూ వరసలో కూర్చున్నాయి. ఎవరి రాయి ముందుందో తేలక రైతు పుల్లన్న పక్కాయన చొక్కా పట్టుకున్నాడు. జనం తోసుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం జయరాజు వృత్తిలోనే లేదు. "తోసుకోవద్దండీ, వెనక్కి జరగండి!" అని లేచి, కాగితం చింపి, ముక్కల మీద నంబర్లు వేసి తలా ఒకటి పంచాడు. "ఇవి పెట్టుకుని ఇండ్లకు పోండి. నిజం సారు వచ్చినప్పుడు పిలుస్తాడు" అన్నాడు.

చేతికి నంబరొచ్చాక ఇంటికెవరు పోతారు? అందరూ అక్కడే కూర్చున్నారు. నంబరు దొరకనివాళ్ళు మరింత కంగారుగా పరుగెత్తుకొచ్చారు. కదిరికి పోయే పదిన్నర బస్సు ఆపి, డ్రైవరు పెద్దన్న తల బయటపెట్టాడు. "ఏమప్పా జయరాజూ, సెలవునాడు గూడా టికెట్లు కొడతాండావా?" అన్నాడు. జయరాజు నోరు తెరిచే లోపలే పుల్లన్న సంగతి చెప్పేశాడు. ఆ కబురు కదిరి దాకా ప్రతి స్టేజీలోనూ దిగింది.

మహేశ్వరి అయిదు నిమిషాలకోసారి గడియారం చూసి గుమ్మంలోకి వస్తోంది. "పదకొండయింది. బల్లలు లోపలికి తెస్తారా లేదా? వదిన మళ్ళీ నేల మింద గ్లాసు పెడితే నేను ఈ ఇంట్లో ఉండను!"

"కాళ్ళు ఎట్లున్నా పర్వాలేదు, పట్టు" అని జయరాజు ఒక బల్లను ఎత్తబోయాడు. ఇరవై చేతులు దాన్ని కిందికి నొక్కాయి. "యాడికి తీసకపోతాండావు, మా పేర్లు కాకముందే?" అని పుల్లన్న అడ్డం నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కదిరప్ప రంపంతో వచ్చి, "ఏ కాలు కోయల్ల?" అన్నాడు. సారు రాకుండా చేయడానికి ఎవరో పంపారనుకుని జనం రంపం లాక్కుని, అతన్ని అరుగు మీద కూర్చోబెట్టారు. కదిరప్ప కాసేపు గొణిగాడు. తరవాత తనకూ రెండెకరాలున్న సంగతి గుర్తొచ్చి, మెల్లగా ఒక నంబరు అడిగి తీసుకున్నాడు.

పన్నెండు గంటల బస్సు రానే వచ్చింది. నలభై మందితో పాటు వదిన దిగింది. మహేశ్వరి కొంగు సర్దుకుని ఎదురెళ్ళింది. కానీ వదిన ఇంటి వైపే చూడకుండా నేరుగా జయరాజు దగ్గరికి వెళ్ళింది. ఆమె పుట్టినూరు దారిలోనే. స్టేజీలో కాచుకున్న వాళ్ళ నాయన కిటికీలోంచి పాస్‌బుక్కు ఆమె చేతిలో పెట్టాడు.

"అన్నా, మా నాయన చేను మీ ఊరి లెక్కలోనే ఉండాది. ముందు నాది రాసెయ్యి."

అప్పటికి జయరాజులో వాదించే ఓపిక లేదు. "నూట పన్నెండు" అని ముక్క చేతికిచ్చాడు. వదిన ఎండలో వరస చివర నిలబడింది. వేరే దారి లేక మహేశ్వరి కాఫీ అక్కడికే తెచ్చి ఇచ్చింది. ఏడుపొకటే తక్కువ ఆమెకు.

అంతలో జీపు వచ్చి ఆగింది. తన బదులు ఎవరో పేర్లు రాస్తున్నారని విని మండిపడుతూ వచ్చిన సారు, కొత్త బల్లలనూ నంబర్లు పట్టుకుని వరసగా కూర్చున్న జనాన్నీ చూసి చల్లబడ్డాడు. "పర్వాలేదే, ఇన్నాళ్ళకు పంచాయతీవాళ్ళు బల్లలు చేయించినారే!" అని కుర్చీలో కూర్చున్నాడు.

"సార్, ఇవి పంచాయతీవి..."

"తెలుసులేవయ్యా. నువ్వు నంబర్లు పిలువు."

జయరాజు పిలిచాడు. సారు నిజంగానే రాశాడు. బయమ్మ పేరు మొదట ఎక్కింది. మూడు దాటాక నూట పన్నెండు వచ్చింది. ఒక చేతిలో పాస్‌బుక్కు, ఒక చేతిలో మహేశ్వరి రెండోసారి ఇచ్చిన కాఫీ. సంతకం పెట్టాలని వదిన గ్లాసును బల్ల మీద పెట్టింది.

సారు తలెత్తాడు. "ఏమ్మా, చూస్తే చదువుకున్నదాని మాదిరి ఉండావు. గ్లాసు పెట్టేదానికి నీకు సర్కారు బల్లే దొరికిందా? తీసి కింద పెట్టు."

ఊరు ఊరంతా నవ్వింది. వదిన మొహం కందగడ్డలా చేసుకుని గ్లాసు తీసి నేల మీద పెట్టింది. గుమ్మంలో నిలబడ్డ మహేశ్వరికి ఒళ్ళంతా తేలికైంది. రెండేళ్ళలో అంత సంతోషం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

అయిదింటికి పని ముగించి సారు లేచాడు. "రేపు పక్కూర్లో రాయల్ల. ఈ బల్లలు జీపులో వెయ్యండి."

జయరాజు అడ్డం వచ్చాడు. "సార్, అవి మేము..."

"మీవా?" అని సారు ఆగాడు. పక్కనే ఉన్న వదిన కూడా చటుక్కున తలెత్తి చూసింది. బల్లలు ఈ ఇంటివే అయితే, ఆడబిడ్డ ఇంటి బల్ల మీద గ్లాసు పెట్టడంలో ఆమె తప్పేమీ లేదు.

మహేశ్వరి గుమ్మం దిగి వచ్చింది. "మావి యాడివి సార్, సర్కారువే. తీసుకుపోండి."

బల్లలు కదిరప్ప మళ్ళీ చేస్తాడు గానీ, వదినతో అన్న ఆ మాట సారు మళ్ళీ అనడు.