ఎర్ర గుడ్డ వల

"ఇకమీదట ఈ తీరంలో ఏ పౌరుడూ పోలీసు ముందు నిలబడి మాట్లాడడు!"

శిక్షణాధికారి బాబూరావుగారు నౌపడ ఉప్పు గోదాములో చేసిన ప్రకటన ఇది. పౌరుడు కుర్చీలో కూర్చుని మాట్లాడతాడని ఆయన భావం. అది రెండువేల మూడో సంవత్సరం. పోలీసులకు మర్యాద, నాయకత్వం నేర్పే శిబిరం. ప్రభుత్వం మీద భారం వేయకుండా అంతా స్థానిక వనరులతోనే ఏర్పాటు చేశారు. మహానుభావుడు.

ఆ సంగతి తెలియక భావనపాడు నూకయ్య నాలుగు రోజులుగా స్టేషను ముందు నిలబడే ఉన్నాడు. ఇసకలో ఆరబెట్టిన వల పోయింది. కవళ్ల చేపలు ఒడ్డుకి దగ్గరగా వచ్చే రోజులు. పక్కవాళ్ల పడవలు చేపలతో దిగుతుంటే నూకయ్య పడవ ఒడ్డున బోర్లా పడుకుంది. భార్య కాసులమ్మ ఖాళీ గంపతో హార్బరుకి వెళ్లి, అదే గంపతో తిరిగొస్తోంది.

"రాసేవోళ్లు ఎవులూ లేరు మావా, అందరూ ట్రైనింగులో ఉన్నారు" అన్నాడు స్టేషను రైటరు షాలేమ్ రాజు.

"ఏటి ట్రైనింగు?"

"ఫిర్యాదు ఎలగ తీసుకోవాలో నేర్సుకుంతన్నారు."

"మరి నువ్వున్నావు కదేటి బావూ?"

"నేనింకా నేర్సుకోలేదు. నేర్సుకోకండా రాసేత్తే తప్పయిపోదా?"

న్యాయమే కదా. నూకయ్య మళ్లీ నిలబడ్డాడు.

అయిదో రోజు జీపు వచ్చి నూకయ్యనీ, షాలేమ్ రాజునీ శిబిరానికి ఎక్కించుకుపోయింది. అంతవరకూ ఓ కానిస్టేబుల్‌కి తలగుడ్డ చుట్టి ఫిర్యాదుదారుగా కూర్చోబెట్టేవారట. వాడు ప్రతి మాటకీ లేచి సెల్యూట్ కొడుతున్నాడు. అసలు సిసలు బాధితుడు కావలసి వచ్చింది.

కుర్చీ వేశారు. మంచినీళ్లిచ్చారు. నలభైమంది నోటుపుస్తకాలు తెరిచారు.

"నూకయ్యగారూ, మీ వలకి గుర్తులేమైనా ఉన్నాయా?" అని అడిగారు బాబూరావుగారు.

పుట్టి బుద్ధెరిగాక తనని 'గారూ' అన్నది ఇదే మొదలు. నూకయ్యకి కళ్లు చెమర్చాయి.

"వల తేల్చే బెండ్లకి మా ఆడదాని పాత సీర అంచు కట్టుంటాది బాబూ, ఎర్రది. మా ఊళ్లో ఇంటికో గుడ్డ. ఒకడి గుడ్డున్న వల ఇంకోడు ముట్టుకోడు."

బాబూరావుగారు అదంతా నల్లబల్ల మీద రాశారు. "చూశారా, కంట్లో తడి! ఫిర్యాదంటే ఇలా ఉండాలి!" అన్నారు. నలభైమంది చప్పట్లు కొట్టారు. ఆయన డస్టరు తీసుకున్నారు.

"బాబూ, తుడిసేత్తన్నారేటి?"

"ఇంకో పాఠం ఉందయ్యా."

'ఉత్తమ ఫిర్యాదుదారు' అని సర్టిఫికెట్ చేతిలో పెట్టి నూకయ్యని వెనక గుమ్మంలోంచి పంపించారు.

ఇంకో పాఠం అక్కడే జరుగుతోంది. మేకులు కొట్టి, మూరెడెత్తున వల బిగించి, దాని కింద కానిస్టేబుళ్లు మోచేతుల మీద పాకుతున్నారు. అడ్డంకుల్ని దాటే శిక్షణ. వల చివర, బెండుకి ఎర్ర గుడ్డ గాలికి ఊగుతోంది.

నూకయ్య సర్టిఫికెట్ నేల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీదో రాయి ఉంచాడు. మేకు తర్వాత మేకు పీకి, తాతల నాటి నేర్పుతో వల మడత పెట్టడం మొదలెట్టాడు.

"దొంగ! దొంగ!"

నిమిషంలో పట్టుకున్నారు. బాబూరావుగారు వాచీ చూసుకుని మురిసిపోయారు. శిబిరం పెట్టాక ఇదే తొలి విజయం.

స్టేషనులో ఈసారి షాలేమ్ రాజు లేచి కుర్చీ జరిపాడు. మంచినీళ్లు అందించాడు.

"కూకోండి నూకయ్యగారూ."

తెల్లకాగితం తీసి చకచకా రాసుకుపోయాడు. పోయిన వస్తువు: వల ఒకటి. సొంతదారు: శిక్షణా శిబిరం. గుర్తులు: బెండ్లకి కట్టిన ఎర్ర చీర అంచు.

కలం ఆగింది.

"ఎవులి సీర అని రాయమంతావు మావా?"

"మా కాసులమ్మది."

అదీ రాశాడు, ఒక్క కొట్టివేత లేకుండా.