వాచీ బెల్టు కట్టిన టమాటా మొక్క

వీధిలో అందరూ ఆయన్ని సెకన్లముల్లు అంటారు. ఆయన వాచీలు రిపేరు చేస్తాడు, అదొక కారణం. ఒక్కచోట కుదురుగా నిలబడడు, అది అసలు కారణం.

ఈ మధ్య బాల్కనీలో ఆయనకీ భార్యకీ పందెం నడుస్తోంది. ఎడమవైపు టమాటా కుండీలు ఆయనవి, కుడివైపువి ఆవిడవి. ఎవరి మొక్కకి ముందు పండు పండితే వాళ్ల మాటే చెల్లాలి. ఆయన గెలిస్తే మంచం కింద మూలుగుతున్న పాత గోడగడియారాలన్నీ పడకగది గోడకెక్కుతాయి. ఆవిడ గెలిస్తే గడప దాటుతాయి. ఆ గడియారాలంటే ఆయనకి ప్రాణం.

ఆవిడ తన మొక్కలని చీర అంచులు చింపి పుల్లలకి కట్టింది. ఆయన పాత వాచీ బెల్టులతో కట్టాడు.

"చూడవోయ్! నా మొక్కలు వాచీలు పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరినట్టు లేవూ?"

"జీతం తెచ్చాక చెప్పండి."

జీతం సంగతి అటుంచి, వారం తిరిగేసరికి ఆయన మొక్కల ఆకులన్నీ పొట్లాల్లా పైకి చుట్టుకుపోయాయి. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని ఆకు ఆకునీ పరీక్షించాడు. పురుగు లేదు, మచ్చ లేదు.

పక్క బాల్కనీలోంచి రిటైరైన కాంపౌండరు తొంగిచూశాడు. పాపం, ఆయనకి ఈ మధ్య రోగులు దొరకడం లేదు.

"వైరస్! పీకి పారేయడమే మందు."

సెకన్లముల్లు కళ్లముందు గడియారాలు ఒక్కొక్కటే గడప దాటుతున్నాయి. ఇంతలో స్నానాలగదిలో మగ్గు చప్పుడు వినిపించింది. అంతే, ఆ చప్పుడు ఆగేలోపల ఎడమ కుండీలు కుడికీ, కుడి కుండీలు ఎడమకీ మారిపోయాయి.

"మోకాళ్లకి ఆ మట్టేమిటండీ?" అంది ఆవిడ తల తుడుచుకుంటూ.

"వ్యాయామం."

"మట్టిలోనా?"

"ప్రకృతి వ్యాయామం."

ఆవిడ బాల్కనీ వైపు ఓసారి చూసి వంటింట్లోకి వెళ్లింది. గండం గడిచిందనుకున్నాడు.

ఏం గడవడం! కొన్నాళ్లకి నవనవలాడే కొత్త మొక్కలు ఆయన దగ్గర ముడుచుకుపోయాయి. జబ్బు మొక్కలు ఆవిడ దగ్గర కొత్త చిగుళ్లు వేసి, పూసి, కాయలు కాశాయి. వైరస్‌కి కూడా మా ఆవిడంటే భయమా అని ఆయన తల పట్టుకున్నాడు.

ఓ పొద్దున ఆవిడ వైపు మొదటి పండు ఎర్రగా మెరిసింది.

"గెలిచాను! సామాను సర్దండి."

"అన్యాయం!" ఆయన ఆగలేకపోయాడు. "ఆ మొక్క నాది! నా చేత్తో నాటింది..." అంటూ పండు కోయబోయి ఆకులు పక్కకి తప్పించాడు. కాండానికి వాచీ బెల్టు, బకిలుతో సహా!

నాలుక కరుచుకున్నాడు. ఇన్నాళ్లూ భూతద్దంతో ఆకులే చూశాడు గానీ, కాండం వంక చూడనే లేదు.

"మొక్కలు మార్చారు గానీ, బెల్టులు విప్పడం మరిచిపోయారు," అంది ఆవిడ నవ్వుతూ. "ఆరోజే చూశాను."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"జబ్బు మొక్కదో మీదో తేలాలిగా! వైరసైతే నా దగ్గరా బాగుపడదు. దుకాణానికి వెళ్తూ ఓ చెంబు నీళ్లు, వస్తూ ఓ చెంబు, ఊసుపోక ఇంకో చెంబు! వాచీకి సూదిమొనతో చుక్క నూనె వేసే మనిషి, మొక్కని అలా ముంచేస్తారా? వేళ్లకి ఊపిరాడొద్దూ? నేను మట్టిలో వేలు పెట్టి, పొడిగా ఉంటేనే పోస్తాను."

"అయితే గెలుపెవరిది?" అన్నాడాయన నీరసంగా.

"మొక్క మీదంటే దొంగతనం ఒప్పుకోవాలి. నాదంటే గడియారాలు వదులుకోవాలి. ఏదో ఒకటి చెప్పండి."

ఆయన వంగి మొక్కకున్న బెల్టు బకిలు సవరించసాగాడు. ఆవిడ పండు కోసి, రెండు ముక్కలు చేసి, పెద్దది ఆయన చేతిలో పెట్టింది. తర్వాత మంచం కిందికి వంగి, ఒకే ఒక్క గడియారం తీసి బాల్కనీ గోడకి తగిలించింది.

"ఇది ఉండనివ్వండి. ఇది పొద్దున ఆరు గంటలు కొట్టినప్పుడే మీరు చెంబు ముట్టుకోవాలి."

ఆయన మొహం వెలిగింది. మరుక్షణమే గుర్తొచ్చింది, అది ఆగిపోయి ఏళ్లయిందని. దాన్ని దించుకుని, సూది తీసుకుని కూర్చున్నాడు. నూనె ఒక్క చుక్కే వేశాడు.